వేలు వంకరవోతే కాలు దాకా రానియ్యకుండ్రి

ఇయ్యాల ఇంటికి పోయినంక మీ అమ్మ కాళ్ల దిక్కు ఒక్కసారి చూడుండ్రి. ముఖ్యంగ మట్టె పెట్టుకునే వేలు, అంటే బొటనవేలు పక్కది. అది చక్కగ చాపుకొని ఉందా? లేకుంటే నడుమ కణుపు కాడ మీదికి లేచి, కొస కిందికి వంగి, చిన్న సుత్తె లెక్క అయిందా? లేచిన కణుపు మీద చెప్పు పట్టీ రాసుకొని ఆనెకాయ కట్టిందా? అట్ల ఉంటే ఈ ముచ్చట మీ ఇంటికి సంబంధించిందే.

డాక్టర్లు దీన్ని హ్యామర్ టో అంటరు. హ్యామర్ అంటే సుత్తె. మనం ఉత్తగ "వేలు వంకరవోయింది" అని ఊకుంటం. నాట్లకు పొయ్యేటామె, మిల్లుల బస్తాలు మోసేటాయన, పొద్దంత కిరాణం కొట్ల నిలబడేటోడు, ఎవ్వరైనా గిదే మాట: "వేలే గదా, దానికి దవాఖాన ఎందుకు?"

నేను డాక్టరును కాదు. సంఘం పని మీద ఊర్లు తిరిగేటోన్ని. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ దవాఖానలల్ల పేషెంట్ల ఎంట పొయ్యి, డాక్టర్లను అడిగి, దొరికింది చదివి తెలుసుకున్నది మీ ముందల పెడుతున్న. చెప్పేది ఒక్కటే. వంకర వేలుకు ఆపరేషన్ కావాల్నా వద్దా అన్నది ఆ వేలు చూస్తందుకు ఎంత వంకరగ ఉందన్న దాని మీద లేదు. మూడు సంగతుల మీద ఉంది. వేలు ఇంకా వంగుతుందా, బిర్రుగ అయిందా? పాదంల స్పర్శ ఉందా, పోయిందా? కాలుకు రక్తం మంచిగ అందుతుందా, లేదా? ఈ మూడు తెల్వకుంట కోత పెట్టించుకునుడు తప్పు, కోతే వద్దని భయపడుడు కూడ తప్పు.

వేలు ఎందుకు వంగుతది?

బొటనవేలు ఇడిసిపెడితే మిగతా ప్రతి కాలివేలుల మూడు చిన్న ఎముకలుంటయి. వాటిని పైనకెల్లి ఒక దిక్కు, కిందకెల్లి ఒక దిక్కు సన్నటి తాళ్లు గుంజి పడుతుంటయి. పాదం లోపల ఉండే చిన్న చిన్న కండలు ఈ రెండింటి నడుమ సరిసమానం చేస్తయి. పందిరి గుంజకు రెండు దిక్కుల తాడు కట్టినట్టు అనుకోండ్రి. ఒక దిక్కు తాడు బిగుసుకపొయ్యి ఇంకో దిక్కు వదులైతే గుంజ ఒరుగుతది. వేలు కూడ గంతే.

వంగుడుల మూడు రకాలున్నయి. నడుమ కీలు ఒక్కటే కిందికి వంగితే హ్యామర్ టో. గోరు కాడి కీలు మాత్రమే వంగితే మ్యాలెట్ టో. వేలు మొదలు మీదికి లేచి, మిగతా రెండు కీళ్లు కిందికి ముడుసుకొని, కోడి గోరు లెక్క అయితే క్లా టో. మూడోది ఒక్క వేలుకు కాకుంట అన్ని వేళ్లకు వస్తే జర గట్టిగనే అనుమానపడాలె. ఎందుకంటె అది చాన సార్లు నరాల జబ్బుకు గుర్తు.

కారణాలు చాన ఉన్నయి. ముందల సన్నగ ఉండే బిగుతు చెప్పులు, బూట్లు ఒకటి. బొటనవేలు మొదట్ల బుడిపె లేసి, ఆ వేలు పక్క వేలును నెట్టుడు ఇంకోటి. కొందరికి పుట్టుకతోనే రెండో వేలు పొడుగుంటది, చెప్పుల పట్టక ముడుసుకుంటది. కీళ్లవాతం ఉన్నోళ్లకు వస్తది. పక్షవాతం వచ్చినోళ్లకు, పోలియో సోకినోళ్లకు, కుష్టు తోని నరాలు దెబ్బతిన్నోళ్లకు వస్తది. ఇయ్యాల మన దిక్కు అన్నిటికన్న ఎక్కువ ఆలోచించాల్సింది షుగరు. ఏండ్ల తరబడి షుగరు అదుపుల లేకుంటే పాదంల చిన్న కండలకు పొయ్యే నరాలు చచ్చుబడుతయి. కండలు సన్నబడి, తాళ్ల సరిసమానం తప్పి, వేళ్లు ముడుసుకుంటయి.

నల్లగొండ దిక్కోళ్లు తప్పకుంట అడిగే మాట ఒకటుంది: "ఇది ఫ్లోరైడ్ నీళ్ల పుణ్యమేనా?" ఫ్లోరోసిస్ ప్రధానంగ పండ్లను, వెన్నును, పెద్ద కీళ్లను, మోకాళ్లను పడుతది. ముదిరి వెన్నుపాము మీద ఒత్తిడి పడితే కాళ్లల్ల బలం పోతది. ఒక్క వేలు వంగినంత మాత్రాన ఫ్లోరైడ్ అనుకోవద్దు. అట్ల అనుకొని "ఇగ దీనికి మందు లేదు" అని కూసుంటే, లోపల షుగరు దాని పని అది చేసుకుంట పోతది.

మెత్తటి వేలు, బిర్రు వేలు

పరీక్ష సులువు. మనిషిని కూసోబెట్టి, పాదం అడుగు భాగాన, వేళ్ల మొదళ్ల కాడ బొటనవేలుతోని మెల్లగ మీదికి నొక్కుండ్రి. వంగిన వేలు దానంతటదే చక్కగ అయితే అది ఇంకా మెత్తగ ఉన్నట్టు. చేత్తోని గుంజినా చక్కగ కాకుంటే కీలు బిగుసుకపోయినట్టు. ఇది గుర్తుంచుకోండ్రి, ఎందుకంటె ఆపరేషన్ చిన్నదా పెద్దదా అన్నది ఎక్కువగ దీని మీదనే ఉంటది.

షుగరు లేదు, నొప్పి లేదు, పుండు లేదు, ఉత్తగ వేలు వంకరగ ఉంది అంటే ఏం చెయ్యనక్కర లేదు. అందం కోసం వేలు కోపించుకోవద్దని ఈ పని తెలిసిన సర్జన్లే చెప్తరు. నొప్పి ఉంటే ముందుగాల చెప్పులు మార్చాలె. వేళ్ల కాడ వెడల్పుగ, లోతుగ, మెత్తగ ఉండేవి తొడగాలె. కణుపు మీద, వేలు కొస కింద మెత్తటి ప్యాడ్ పెట్టాలె. వీటితోని వేలు చక్కగ కాదు. నొప్పి మాత్రం తగ్గుతది, చాన మందికి అంతే సరిపోతది.

చెయ్యకూడని పనులు రెండున్నయి. ఒకటి, ఆనెకాయను బ్లేడుతోని చెక్కుకునుడు. రెండోది, మెడికల్ షాపుల కొని ఆనెకాయ పట్టీ అతికించుకునుడు. ఆ పట్టీల చర్మాన్ని తినే ఆమ్లం ఉంటది. స్పర్శ లేని కాలుకు అది పెడితే మంచి చర్మం కూడ కాలి పుండు పడుతది, మనిషికి తెల్వనే తెల్వదు.

"నరం కోస్తరట గదా?"

ఆపరేషన్ అనంగనే మనోళ్లు భయపడేది ఈ మాటకే. మన భాషల తిప్పలు ఏందంటె అన్నిటినీ నరమే అంటం. రక్తం పారేదీ నరమే, స్పర్శ తెలిపేదీ నరమే, కండను ఎముకకు కట్టేసే తాడూ నరమే. డాక్టరు "టెండన్ కట్ చేస్తం" అంటడు. ఎంట వచ్చినాయన "నరం కోస్తరట" అని చెప్తడు. ఇంట్లోళ్లు కాలు పడిపోతదని ఎల్లగొట్టుకొని వస్తరు. కోసేది ఆ తాడును మాత్రమే. స్పర్శ నరం వేరు, రక్తనాళం వేరు, వాటి జోలికి పోరు.

వేలు మెత్తగ ఉంటే చేసే చిన్న పని గిదే. వేలు మాత్రమే మొద్దుబారేటట్టు సూది ఇస్తరు. వేలు కింద చిన్న గాటు పెట్టి, లేకుంటే లావుపాటి సూది మొనతోనే, బిగుసుకపోయిన తాడును తెంపుతరు. నిమిషాల పని. మనిషి అదే రోజు నడుసుకుంట ఇంటికి పోతడు. ఇంకో పద్ధతిల కింది తాడును తెచ్చి వేలు మీది దిక్కు కుడుతరు, అప్పుడు వంచే తాడే చక్కగ పట్టే తాడైతది. దీనికి కోత జర పెద్దగుంటది, వేలు కొంచెం బిర్రుగ అయితది.

కీలు బిగుసుకపోతే తాడు తెంపితే సాలదు. లేచిన కణుపు కాడ ఎముకను కొంచెం తీసేస్తరు. లేకుంటే రెండు ఎముకల కొసలు చెక్కి ఒక్కటిగ అతుకుతరు. అతుకు కుదిరేదాక వేలు కొసకెల్లి సన్నటి ఉక్కు తీగ గుచ్చి పెడుతరు. దాన్ని కే వైరు అంటరు. 1909ల ఈ తీగెలను వాడుకలకు తెచ్చిన జర్మనీ సర్జన్ మార్టిన్ కిర్ష్‌నర్ పేరు మీద వచ్చిందది. నాలుగు నుంచి ఆరు వారాలు తీగ వేలు బయటికి కనబడుతది. దాన్ని చూసి భయపడొద్దు, అవుట్ పేషెంటుల్నే గుంజేస్తరు. అప్పటిదాక మడిమె మీద బరువు పెట్టి, గట్టి అడుగున్న చెప్పుతోని నడవాలె. తీగ తడవొద్దు. అంటే మడికట్టుల దిగుడు బంద్, బురద బంద్.

మరి మంచిగ అయితదా?

ఈడ అబద్ధం ఆడొద్దు. 2000 సంవత్సరంల అమెరికా సర్జన్ మైఖేల్ కాఫ్లిన్, ఆయన తోటోళ్లు, బిర్రుగ అయిన వేళ్లకు కీలు కాడ ఎముక తీసి తీగ గుచ్చిన 63 మందిని, 118 వేళ్లను ఐదేండ్ల దాక గమనించి లెక్క రాసిండ్రు. నూటికి 92 వంతుల నొప్పి తగ్గింది. నూటికి 84 వంతుల తృప్తి ఉంది. ఎముక పూర్తిగ అతుక్కున్నది 81 వంతులల్ల. అంటే ఎముక అతుక్కోకున్నా కొందరికి నొప్పి పోయింది. ఇంకో దిక్కు చూస్తే, ఆరుగుర్ల ఒకరి లెక్కన తృప్తి పడలేదు.

ఎందుకు తృప్తి పడరు? వేలు జర పొట్టిగ అయితది. అతికిన కీలు ఇగ వంగదు. వాపు నెలల తరబడి ఉంటది, కొందరికి ఏడాది పడుతది. వేలు కొస నేలకు ఆనకుంట గాల్ల తేలుతది. పక్కకు ఒరుగుతది. కొందరికి మళ్ల వంకరవోతది, ముఖ్యంగ బొటనవేలు బుడిపెను అట్లనే ఇడిసిపెట్టి పక్క వేలును ఒక్కదాన్నే సరి చేస్తే. తీగ కాడ చీము పట్టొచ్చు. అరుదుగ వేలుకు రక్తం అందక నల్లబడొచ్చు. "కొత్త వేలు వస్తది" అని చెప్పేటోన్ని నమ్మొద్దు. వచ్చేది కొత్త వేలు కాదు, నొప్పి లేకుంట చెప్పుల పట్టే వేలు. గది తెలిసి పోయినోళ్లు ఎక్కువగ సంతోషంగనే తిరిగొస్తరు.

కూలీ నాలీ చేసుకునేటోళ్లు ఇంకో లెక్క ఏసుకోవాలె. తాడు ఒక్కటే తెంపితే కొన్ని రోజుల కట్టు. ఎముక పనైతే ఆరు నుంచి పన్నెండు వారాలు బరువు పని, నిలబడే పని పక్కకు పెట్టాలె. మిర్యాలగూడ రైసుమిల్లుల సీజన్ల, సాగర్ ఎడమ కాలువ నీళ్లొచ్చి నాట్లు పడే దినాలల్ల ఇది పెట్టుకుంటే నడుమల్నే పనికి పోవాల్సొస్తది, అతుకు ఊడుతది. కోతకు ముందుగాల డాక్టరుతోని పని గురించి మాట్లాడుండ్రి. చుట్ట, బీడీ తాగేటోళ్లు బంద్ పెట్టాలె. పొగ రక్తనాళాలను సన్నం చేస్తది, ఎముకను అతుక్కోనియ్యది.

షుగరు ఉన్నోళ్ల లెక్క వేరు

2023ల అచ్చైన ఐసీఎంఆర్ సర్వే ప్రకారం మన దేశంల పది కోట్ల మందికి పైగ షుగరు ఉంది. పట్నం జబ్బు అనుకునే రోజులు పోయినయి. షుగరు ఉన్నోళ్లకు వంకర వేలు నొప్పి పెట్టదు, అసలు ప్రమాదమే అది. ఎత్తైన కణుపు చెప్పుకు రాసుకుంటది, వంగిన కొస నేలకు గుద్దుకుంటది. నొప్పి తెల్వది గనుక మనిషి అదే కాలు మీద నడుస్తనే ఉంటడు. ఆనెకాయ కింద పుండు, పుండు కింద చీము, చీము ఎముకలకు. గట్ల పొయ్యి పొయ్యి వేలు తీసేసే కాడికి, కొన్నిసార్లు పాదం తీసేసే కాడికి వస్తది.

నొప్పి లేకపోవుడు ఎంత చెరుపు చేస్తదో ప్రపంచానికి ఎరుక చేసినోళ్లల్ల ముఖ్యుడు తమిళనాడు వెల్లూరు సీఎంసీ దవాఖానల పని చేసిన డాక్టర్ పాల్ బ్రాండ్. 1940ల ఆఖరుకెల్లి ఆయన కుష్టు పేషెంట్ల ముడుసుకపోయిన చేతివేళ్లకు, కాళ్లకు తాళ్లు మార్చి కుట్టే ఆపరేషన్లు చేసిండు. కుష్టుతోని వేళ్లు ఊకె కుళ్లి రాలిపోవు, స్పర్శ లేక దెబ్బల మీద దెబ్బలు తగిలి పోతయని తేల్చిండు. ఆ పాఠమే ఇయ్యాల షుగరు కాళ్లకు పనికొస్తుంది.

షుగరు పాదాల మీద పనిచేసే అంతర్జాతీయ నిపుణుల బృందం ఐడబ్ల్యూజీడీఎఫ్ తన సలహాలల్ల ఒక మాట స్పష్టంగ రాసింది. వంగిన వేలు కొసకు పుండు పడ్డా, పడేటట్టు గట్టి చర్మం కట్టినా, ఇందాక చెప్పిన కింది తాడు తెంపే చిన్న ఆపరేషన్ గురించి ఆలోచించాలె అని. డెన్మార్క్‌ల సూదితోని ఈ పని చేసి పోల్చి చూసిన పరిశోధన 2022ల అచ్చైంది. చేపించుకున్నోళ్లకు పుండ్లు తొందరగ మానినయి, కొత్తయి తక్కువ పడ్డయి. అంటే మనం "వేలే గదా" అని ఇడిసిపెట్టే కాడ చిన్న గాటుతోని వేలును కాపాడే తొవ్వ ఉంది.

షరతులు కూడ ఉన్నయి. కాలుకు రక్తం అందుతుందా లేదా అన్నది ముందు చూడాలె. పాదం మీద, చీలమండ లోపలి దిక్కు నాడి కొట్టుకుంటదా అని డాక్టరు చేత్తోని చూస్తడు, అనుమానం ఉంటే డాప్లర్ పరీక్ష చేపిస్తడు. రక్తం అందని కాలుకు కోత పెడితే ఆ కోతే మానదు. మూడు నెలల షుగరు సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ ఎక్కువుంటే, ఎముక పనిని జర ఆపి షుగరు దించుమంటరు. ఒక వేలు తాడు తెంపినంక బరువు పక్క వేలు మీద పడి ఆడ పుండు లేవొచ్చు, గందుకే తర్వాత కూడ కాళ్లు చూపించుకుంటనే ఉండాలె.

రెండు నిమిషాల పరీక్ష

ఫోన్ పక్కకు పెట్టి ఇది మీరే చెయ్యండ్రి. అమ్మనో నాయిననో కండ్లు మూసుకోమనుండ్రి. చూపుడువేలు కొసతోని రెండు పాదాల బొటనవేలు, నడిమి వేలు, చిటికెన వేలు కొసలను ఒక్కోటిగ, ఒకటి రెండు సెకన్లు, పక్షి ఈక తాకినట్టు ముట్టుండ్రి. నొక్కొద్దు, గీకొద్దు, రెండోసారి ముట్టొద్దు. ముట్టినప్పుడల్ల చెప్పుమనుండ్రి. ఆరింట్ల రెండు గానీ అంతకన్న ఎక్కువ గానీ తెల్వకుంటే స్పర్శ తగ్గినట్టే. ఇంగ్లాండ్‌ల ఇప్స్విచ్ డాక్టర్లు తయారు చేసిన పరీక్ష ఇది, పైస ఖర్చు లేదు. స్పర్శ తగ్గిందని తేలితే తెల్లారే దవాఖానకు తీస్కపోండ్రి. అప్పటికెల్లి ఇంట్ల కూడ ఉత్త కాళ్లతోని నడవనియ్యొద్దు.

మట్టెల సంగతి కూడ చెప్పాలె. వంగి, లావైన వేలుకు మట్టె బిగుసుకుంటది. స్పర్శ లేకుంటే అది కోసుకపోతున్నా తెల్వదు. ఆపరేషన్‌కు ముందు తియ్యక తప్పదు, వాపు వస్తే రక్తం ఆపేది ఆ మట్టెనే. "మొగడు బతికుండంగ మట్టెలు తీస్తనా" అని తిరిగొచ్చిన అక్కలను నేను చూసిన. కోదాడ దిక్కు ఒకామె గిట్లనే ఆర్నెల్లు ఆగింది, ఆఖరుకు మట్టెతోని పాటు వేలే పోయింది. ఈ మాట ఆమెకు డాక్టరు చెప్తే పట్టలేదు. ఇంట్లాయన "తియ్యి, నాకేం కాదు" అని ముందే ఒక్క మాట అంటే సరిపోవు. గా మాట మొగోళ్లే అనాలె.

ఏం అడగాలె?

సూర్యాపేటల, నల్లగొండల 2019ల ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలైనయి, వాటి దవాఖానలల్ల ఎముకల డాక్టర్లుంటరు. కోదాడ, మిర్యాలగూడ సర్కారు దవాఖానల్నే మొదలు పెట్టి, అవసరముంటే పెద్ద దవాఖానకు రాపించుకోవచ్చు. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబర్‌ల పది లక్షలకు పెంచిండ్రు. మీకు రాసిన ఆపరేషన్ అందుల ఉందా అని సంతకం పెట్టకముందే ఆరోగ్యమిత్రను అడుగుండ్రి. డాక్టరును ఐదు మాటలు అడుగుండ్రి. నా వేలు మెత్తగ ఉందా, బిర్రుగ ఉందా? తాడు పనా, ఎముక పనా? రక్తం అందుతుందా, చూసిండ్రా? తీగ ఎన్ని వారాలు ఉంటది? మళ్ల పనికి ఎప్పుడు పోవాలె? ఈ ఐదింటికి జవాబు చెప్పకుంట ప్యాకేజీ రేటు చెప్పే కాడికెల్లి లేసి రాండ్రి.

సర్కారును అడగాల్సింది కూడ ఉంది. షుగరు గోలీలు ఇచ్చే ప్రతి కాడ, నెలకొకసారి చెప్పులు ఇప్పించి కాళ్లు చూడాలె. గోలీల సంచి చేతుల పెట్టి పంపుడు వైద్యం కాదు. కుష్టు పేషెంట్లకు ఎన్నో ఏండ్లకెల్లి ఎంసీఆర్ అనే మెత్తటి రబ్బరు చెప్పులు సర్కారే ఇస్తుంది. స్పర్శ పోయిన షుగరు పేషెంటుకు కూడ అసొంటివే కావాలె. ఒక జత చెప్పుల ఖర్చుకు, కాలు తీసేసినంక ఒక కూలీ కుటుంబం మోసే ఖర్చుకు పోలికే లేదు. మీ ఊర్ల ఎంతమంది షుగరు ఉన్నోళ్లకు వేళ్లు ముడుసుకపోయినయో, ఎంతమందికి స్పర్శ లేదో, నలుగురు పోరగాండ్లు కూడి ఒక ఆదివారం రాసుకుంటే చాలు. గా కాయితం పట్టుకొని పీహెచ్‌సీకి పోండ్రి. పేర్లతోని, లెక్కతోని పోయినోన్ని ఉత్తగ తిప్పి పంపుడు ఎవ్వరికీ అల్కగ కాదు.